పిల్లిని బుట్టలో పెట్టి డాక్టర్ దగ్గరికి పరుగెత్తే ముందు

మా లడ్డూకు ఏడాది నిండేసరికి పొట్ట కింద ఓ తోలు సంచి వేలాడటం మొదలైంది. నడుస్తుంటే అటూ ఇటూ ఊగేది. పక్కింటి పెద్దమ్మ చూసి, "పిల్లి కడుపుతోని ఉన్నట్టుంది గదా బిడ్డా, పాలు జెర ఎక్కువ పొయ్యి" అంది. "అది మొగ పిల్లి పెద్దమ్మా, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అయింది" అన్నాను. "అయితే ఏదో రోగమే" అని తేల్చేసింది. ఆ రాత్రంతా టెన్షన్. పొద్దున్నే కూరగాయల బుట్టలో కూర్చోబెట్టి, పైన తువ్వాలు కట్టి నల్లగొండలో డాక్టర్‌కు చూపిస్తే, ఆయన పొట్ట ఓసారి పట్టి చూసి, "పిల్లులన్నిటికీ ఉండేదే, తీసుకెళ్ళండి" అన్నారు. దారి పొడవునా అది పెట్టిన అరుపులకు ఆటోలో వాళ్ళు నన్ను పిల్లుల దొంగను చూసినట్టు చూశారు.

తర్వాత ఇంకో రెండు పిల్లులు ఇంటికి చేరాయి. ఇలాంటి కంగారులూ చాలా అయ్యాయి. ఇప్పుడు ఏది కనిపించినా ముందు మూడు సంగతులు చూసుకుంటాను. రెండో వైపు కూడా అలాగే ఉందా? మొదటి నుంచీ ఉన్నదా, ఈ నాలుగు రోజుల్లో వచ్చిందా? తిండీ ఆటా మామూలుగా ఉన్నాయా? రెండు వైపులా ఒకేలా ఉండి, పెరగకుండా, పిల్లి ఎప్పటిలా తింటుంటే అది చాలావరకు దాని ఒంటి తీరే.

పొట్ట కింద సంచిలా వేలాడుతోంది

కారణం: అది వదులు తోలు, లోపల కొంచెం కొవ్వు. వెనక కాళ్ళ దగ్గర ఎక్కువగా కనిపిస్తుంది. ఆడ, మగ తేడా లేదు. ఆపరేషన్ వల్లే వచ్చిందని చాలామంది అనుకుంటారు కానీ చేయించని పిల్లులకూ ఉంటుంది. పెద్దపులికీ సింహానికీ కూడా ఉంటుంది. పిల్లులు కొట్లాడుకునేటప్పుడు వెనక కాళ్ళతో ఒకదాని పొట్ట ఒకటి చీరుతాయి. ఆ దెబ్బ లోపలి పేగులకు తగలకుండా ఈ తోలు అడ్డుపడుతుందని, దూకేటప్పుడు ఒళ్ళు సాగడానికి కూడా పనికొస్తుందని చెబుతారు.

ఏం చేయాలి: ముందు అది సంచో, ఒళ్ళు చేయడమో తేల్చుకోండి. రెండు అరచేతులూ పక్కటెముకల మీద పెట్టి నెమ్మదిగా రాయండి. ఎముకలు ఒక్కొక్కటిగా వేళ్ళకు తెలుస్తుంటే, పైనుంచి చూసినప్పుడు నడుము కొంచెం లోపలికి ఉంటే, ఆ వేలాడేది సంచే. దానికి చేయాల్సిందేమీ లేదు. ఎముకలు ఎంత తడిమినా దొరక్కపోతే మాత్రం గిన్నెలో అన్నం తగ్గించాలి.

పొట్ట గుండ్రంగా, డోలులా బిగుసుకుని, వెన్నెముక మాత్రం బయటికి తేలి కనిపిస్తే వేరే సంగతి. చిన్న కూనలకైతే ఎక్కువగా నులిపురుగులు. పెద్దదానికైతే పొట్టలో నీరు పట్టి ఉండొచ్చు. అప్పుడు బుట్ట తీయాల్సిందే.

కంటి మూలలోంచి తెల్లటి పొర కప్పేస్తోంది

పిల్లికి మూడో కనురెప్ప ఉంటుంది. ముక్కు వైపు మూలలోంచి అడ్డంగా జరిగి కన్ను మూస్తుంది. నిద్రలో, మగతలో అది సగం దాకా కనిపించడం మామూలే. నిద్ర లేచిన కొద్దిసేపట్లో వెనక్కి వెళ్ళిపోవాలి. కంట్లో పువ్వు వేసిందనుకుని మనుషుల కంటి చుక్కలు వేసేవాళ్ళను చూశాను. ఆ పని చేయకండి, కొన్ని చుక్కలు కంటి గాయాన్ని ఇంకా చెడగొడతాయి.

పూర్తిగా మేలుకుని ఉన్నా రెండు కళ్ళలోనూ పొర అలాగే నిలిచిపోతే తప్పు కంటిలో కాకుండా కడుపులో ఉండొచ్చు. విరేచనాలు, నులిపురుగులు, ఒంట్లో నీరు తగ్గడం, వీటిలో ఏదైనా కావచ్చు. లడ్డూకు సరిగ్గా ఇదే అయింది. నేను ఆఫీసుకు వెళ్ళాక పెద్దమ్మ ప్రేమగా గిన్నెడు పాలు పోసింది. ఎదిగిన పిల్లుల్లో చాలావాటికి పాలు అరగవు. రెండు రోజులు విరేచనాలు, కళ్ళలో తెల్ల పొరలు. పాలు మానిపించి, ఉడికించిన చికెన్, నీళ్ళు పెట్టాక పొరలు వెనక్కి పోయాయి.

ఒక్క కంట్లోనే పొర వచ్చి, నీరు కారుతూ, కన్ను చికిలిస్తుంటే ఆగకండి. మా వైపు బత్తాయి తోటల్లో తిరిగే పిల్లులకు ముల్లు గుచ్చుకోవడం కొత్తేమీ కాదు. ఆ రోజే చూపించాలి.

చెవి అంచు చీలినట్టుంది

రెండు చెవులకూ బయటి అంచున, కింది భాగంలో చిన్న జేబులాంటి మడత ఉంటుంది. కొట్లాటలో చిరిగిందనుకుంటారు. పుట్టుకతోనే ఉంటుంది. ఎందుకుందో ఇదమిత్థంగా ఎవరూ తేల్చలేదు. దాని వల్ల మనకు ఒక పని మాత్రం తప్పదు: గోమార్లు దాక్కోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. బర్రెల కొట్టంలో పడుకునే పిల్లి అయితే వారానికోసారి ఆ మడత విప్పి చూడండి. చెవి అంచులు గరుకుగా, పొక్కు కట్టి, పిల్లి గోక్కుంటుంటే అది గజ్జి కావచ్చు. పిల్లుల్లో గజ్జి తరచూ చెవి అంచుల దగ్గరే మొదలవుతుంది.

గోమార్ల కోసం కుక్కలకు వాడే మందును పిల్లికి వేయొద్దు. చాలావాటిలో పెర్మెథ్రిన్ ఉంటుంది. కుక్కకు ఏమీ కాదు, పిల్లికి వణుకు, మూర్ఛలు వచ్చి ప్రాణం పోవచ్చు. సీసా మీద పిల్లి బొమ్మ లేకపోతే ముట్టుకోకండి.

కాలి మీద ఎక్కడో ఒక మెత్త, చాప మీద ఊడిన గోరు

ముందు కాలి వెనక, మణికట్టు దగ్గర, నేలకు తగలని చోట ఓ చిన్న బొడిపె ఉంటుంది. కణితి కాదు, పాదం కింద ఉండే మెత్తల్లాంటిదే. జారుడు చోట దిగేటప్పుడు బ్రేకులా పనికొస్తుంది. దాని దగ్గరే నాలుగైదు గట్టి మీసాలు కూడా ఉంటాయి, పట్టుకున్న ఎలుక ఇంకా కదులుతోందో లేదో వాటితోనే తెలుసుకుంటుంది. పిల్లలు కత్తెర పట్టుకుంటే జాగ్రత్త, మూతి మీసాలైనా కాలి మీసాలైనా కత్తిరించకూడదు.

వేళ్ళు లెక్కపెట్టి కంగారు పడేవాళ్ళూ ఉన్నారు. ముందు పాదాలకు ఐదేసి, వెనక పాదాలకు నాలుగేసి, మొత్తం 18. ఆరో వేలున్న పిల్లులు కూడా ఉంటాయి, మనుషుల్లో ఉన్నట్టే.

నేల మీద నెలవంకలా బోలు గోరు దొరికితే అది పైపొర మాత్రమే. పిల్లి గోరు ఉల్లిపాయలా పొరలు పొరలుగా పెరుగుతుంది, గీకినప్పుడు పాత పొర ఊడి కింద కొత్తది బయటపడుతుంది. రక్తం కారినా, కుంటినా చూడాలి. ముసలి పిల్లులు గీకడం తగ్గిస్తాయి. అప్పుడు గోరు, ముఖ్యంగా లోపలి వైపు పైన ఉండే బొటనగోరు, వంకర తిరిగి మెత్తలోకే దిగబడుతుంది. నెలకోసారి కొస మాత్రం కత్తిరిస్తే చాలు, లోపల గులాబీ రంగులో కనిపించే భాగాన్ని తాకకుండా.

కన్నుకూ చెవికీ మధ్య వెంట్రుకలు పల్చబడ్డాయి

అక్కడ పిల్లులన్నిటికీ పల్చగానే ఉంటుంది. నల్ల పిల్లికి ఇంకా తెలుస్తుంది. మా నల్ల పిల్లి కాటుకకు మొదటిసారి ఎండలో చూసినప్పుడే కనిపించింది. గుండ్రటి మచ్చగా ఊడి, పొట్టు రాలుతూ, ఒక్క వైపే ఉంటే తామర అనుకోవాలి. అది మనకూ అంటుతుంది కాబట్టి పిల్లలను దూరంగా ఉంచి డాక్టర్‌కు చూపించండి.

ఎర్ర పిల్లి ముక్కు మీద, పెదాల మీద నల్ల చుక్కలు

నారింజ రంగు పిల్లులకు వయసుతో పాటు వస్తాయి. మనకు పుట్టుమచ్చల్లాంటివి, చదునుగా ఉన్నంతకాలం వదిలేయండి. ఉబ్బినా, పుండు పడినా చూపించాలి.

పొట్ట మీద చేతికి గింజల్లా తగులుతున్నాయి

ఇక్కడ ఒక ఘోరం ఆపాలి. మగ పిల్లికి కూడా చనుమొనలు ఉంటాయి, రెండు వరుసల్లో సాధారణంగా ఎనిమిది. గోమార్లనుకుని పట్టకారతో పీకబోయిన వాళ్ళు మా వీధిలోనే ఉన్నారు. వెంట్రుకలు పక్కకు తీసి చూడండి. గోమారికి కాళ్ళుంటాయి. చనుమొనలైతే జతలుగా, ఎదురెదురుగా ఉంటాయి.

పక్కటెముకలు కలిసే చోట, ఛాతీ చివర గట్టిగా తగిలేది రొమ్ము ఎముక కొస. బక్కపిల్లుల్లో బాగా తెలుస్తుంది. ఇవి రెండూ కాకుండా, ఒక పక్కనే కొత్తగా తగిలే గడ్డ ఏదైనా సరే డాక్టర్ చూడాల్సిందే. ఆపరేషన్ చేయించని ఆడ పిల్లికైతే మరీ తొందరపడాలి.

చెవులు కాలిపోతున్నాయి, జ్వరమా?

పిల్లి ఒంటి వేడి మామూలుగానే 38.1 నుంచి 39.2 డిగ్రీల సెల్సియస్ దాకా, అంటే 100.5 నుంచి 102.5 ఫారన్‌హీట్ దాకా ఉంటుంది. మన చెయ్యి దానికన్నా చల్లన కాబట్టి ఎప్పుడు ముట్టుకున్నా జ్వరంలాగే తోస్తుంది. ముక్కు తడిగా ఉందా, ఎండిందా అన్నది కూడా లెక్కలోకి రాదు. తిండి మానేసి మూల ముడుచుకుంటే జ్వరం చూడాలి, అదీ మలద్వారంలో థర్మామీటర్ పెట్టి. చేతకాకపోతే డాక్టర్‌కే వదిలేయండి.

ఇంట్లో డోలో ఉంది కదా అని సగం ముక్క వేశారో, అంతే. పారాసెటమాల్‌ను విరిచే ఎంజైమ్ పిల్లి కాలేయంలో సరిపడా ఉండదు. రక్తం పాడై, చిగుళ్ళు గోధుమ రంగుకు తిరిగి, ముఖం వాస్తుంది. పొరపాటున మింగితే సాయంత్రం దాకా చూద్దాం అనుకోకుండా వెంటనే తీసుకెళ్ళాలి.

నాలుక గరుకుగా, ముళ్ళు మొలిచినట్టుంది

అవి ముళ్ళలాంటివే, గొంతు వైపుకు వంగి ఉంటాయి. వెంట్రుకలు దువ్వుకోవడానికి, ఎముక మీది మాంసం గీకడానికి. చిక్కేమిటంటే నోట్లోకి పోయిన దారాన్ని అవి బయటికి రానివ్వవు. సంక్రాంతికి తెగిన మాంజా, దసరాకు బంతిపూల దండల దారం, కుట్టుమిషన్ కింద పడ్డ సూదీ దారం, అన్నీ లోపలికే. నోట్లోంచో వెనక నుంచో దారం వేలాడుతుంటే లాగకండి. లోపల ఇంకో కొస చిక్కుకుని ఉంటే పేగును కోసేస్తుంది. ఎక్స్-రే, ఆపరేషన్ కావాల్సి రావచ్చు. దగ్గర్లో ఆ వసతి లేకపోతే హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి దాకా పోవాలి, నల్లగొండ నుంచైనా పాలమూరు నుంచైనా దాదాపు 100 కిలోమీటర్లు.

ఏదో వాసన చూసి నోరు తెరిచి అలాగే ఉండిపోయింది

పై పెదవి ఎత్తి, అసహ్యం వేసినట్టు ముఖం పెట్టి కొన్ని సెకన్లు ఉంటుంది. పై ముందు పళ్ళ వెనక రెండు సన్నని రంధ్రాలున్నాయి. వాసనను అక్కడి నుంచి అంగిట్లో ఉన్న ఇంకో అవయవానికి పంపుతోంది. మన చెమట సాక్సులు చూసినా అదే ముఖం.

కుక్కలా రొప్పుతూ నోరు తెరిస్తే మాత్రం ప్రమాదమే. మే నెలలో మా దగ్గర 45 డిగ్రీలు దాటిన మధ్యాహ్నాల్లో పిల్లులు షాబాదు బండల మీద వెల్లకిలా పడుకుంటాయి, అది మామూలే. రొప్పడం మామూలు కాదు. నీడకు తెచ్చి, ఫ్యాను వేసి, పాదాలు, చెవులు, పొట్ట మామూలు నీళ్ళలో తడిపిన గుడ్డతో తుడవండి. ఐసు నీళ్ళు పోయొద్దు, నోట్లో బలవంతంగా నీళ్ళు వంపొద్దు. తుడుస్తూనే ఆటో పిలవండి. ఎండ లేనప్పుడు, ఊరికే కూర్చుని రొప్పుతుంటే అది గుండెదో ఊపిరితిత్తులదో కావచ్చు, అప్పుడైతే తుడిచే పని కూడా పెట్టుకోకుండా బుట్ట ఎత్తండి.