బొప్పాయి మొదలు కుళ్ళు: మందు కొనేముందు గుంత చూడండి

వానలు మొదలవగానే కింది ఆకులు పసుపు పచ్చబడి వాలిపోతాయి. నేలను ఆనుకున్న చోట కాండం మీద నీరు పట్టినట్టు మెత్తటి మచ్చ వస్తుంది. అది చుట్టూ పాకితే చిన్న గాలికే చెట్టు ఒరిగిపోతుంది.

ఆకులు వాలగానే చాలామంది నీళ్ళు చాలలేదనుకుని ఇంకాస్త పెడతారు. దయచేసి ముందు మొదట్లో మట్టి నాలుగు వేళ్ళ లోతు తీసి కాండాన్ని నొక్కి చూడండి. వేలు దిగితే కుళ్ళే. రెండు నిమిషాల పని ఇది, అయినా ఎవరూ చేయరు. నేరుగా షాపుకెళ్ళి కార్బెండజిమ్ అనే బూజు మందు తెచ్చి పోస్తారు. ఈ కుళ్ళు తెచ్చేవి పిథియం, ఫైటోఫ్తోరా అనే, నేలలో ఉండే బూజులాంటి సూక్ష్మజీవులు. కార్బెండజిమ్ వాటి మీద పనిచేయదు.

సరైన మందు పోసినా మళ్ళీ మళ్ళీ కుళ్ళు వస్తుంటే అనుమానించాల్సింది మొరాన్ని, అంటే కింద ఉండే గట్టి కంకర మట్టిని. "మా దగ్గర నీళ్ళే నిలవవండీ, పైనంతా పొడిగానే ఉంది" అంటారు. పైన పొడిగానే ఉంటుంది. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం, మహేశ్వరం వైపు చాలాచోట్ల చల్కా మట్టి (ఎర్ర ఇసుక నేల) పైపైనే, కింద గట్టి మొరం. అందులోకి గడ్డపారతో గుంత తవ్వి, మెత్తటి మట్టి, పశువుల ఎరువు నింపి మొక్క పెడితే ఆ గుంత కుండలా నీళ్ళు పట్టి ఉంచుతుంది. వేర్లు అందులోనే నానుతాయి. రెండు రోజులు నీళ్ళు నిలిస్తే బొప్పాయి తట్టుకోలేదు. పైగా పిథియం, ఫైటోఫ్తోరా బీజాలు నీటిలో ఈదుతూ వేర్లను చేరతాయి.

తేల్చుకోవడం సులువు. చెట్టుకు రెండు మూడడుగుల దూరంలో, మొక్క నాటిన గుంత లోతునే మరో గుంత తీసి నిండా నీళ్ళు పోయండి. మర్నాడు కూడా నీళ్ళుంటే కారణం దొరికినట్టే. వాలు వైపు, గుంత అడుగుకన్నా లోతుగా కాలువ తీసి ఆ నీటికి దారి ఇవ్వండి. కొత్తగా పెట్టేవాళ్ళు మొరంలో గుంత తీయకుండా అడుగున్నర ఎత్తు బోదె కట్టి దాని మీద నాటండి. డ్రిప్పు చుక్క కాండం మీద పడకూడదు, ఎరువు మొదటికి ఎగదోయకూడదు.

నీటికి దారి అయ్యాకే మందు. మచ్చ కాండం చుట్టూ సగం దాటితే చెట్టు పీకి కాల్చేయండి, ఆశ పెట్టుకోవద్దు. తక్కువుంటే మెత్తబడ్డదంతా చెక్కేసి బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూయండి. మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందు లీటరుకు 2 గ్రాములు, లేదంటే కాపర్ ఆక్సీక్లోరైడ్ 3 గ్రాములు కలిపి మొదలు తడిసేలా పోయండి. పక్క చెట్లకూ పోయాలి. కాయలు కోతకొచ్చి ఉంటే, మందు పోశాక కోతకు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా మీద చూసి పాటించండి. వేపపిండిలో పెంచిన ట్రైకోడెర్మా (తెగుళ్ళను అణిచే మేలు చేసే బూజు) మంచిదే, కానీ రాగి మందుతో కలిపి వేస్తే చచ్చిపోతుంది. కనీసం రెండు వారాలు ఆగండి.

వేర్ల మీద బుడిపెలుంటే నులిపురుగులు, కాయల మీద వలయాలుంటే వైరస్. ఆ రెండూ వేరే సంగతి, ఈ మందులతో పోవు.

చెట్టు పోయిన గుంతలో వెంటనే మరో బొప్పాయి పెట్టకండి. ఆ మట్టిలో తెగులు బతికే ఉంటుంది.