మెట్రో దారికి జోనింగ్ గీసే ముందు జాగ్రత్తలు

హైదరాబాద్‌లో మియాపూర్–ఎల్బీనగర్ లాంటి మెట్రో దారికి జోనింగ్ ప్లాన్ (ఎక్కడ ఏం కట్టొచ్చో, ఎన్ని అంతస్తులు వేయొచ్చో చెప్పేది) వేసేముందు మ్యాప్ పక్కన పెట్టి ఆ రోడ్డు నడవండి. మిట్టమధ్యాహ్నం ఒకసారి, వాన వెలిశాక ఇంకోసారి.

• ఫుట్‌పాత్‌ను టేపుతో కొలవండి. ఐఆర్‌సీ (ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్) మార్గదర్శకాల ప్రకారం ఏ అడ్డూ లేకుండా కనీసం 1.8 మీటర్లు ఉండాలి. ట్రాన్స్‌ఫార్మర్, స్తంభం, నిలిపిన బైకులు పోగా మిగిలిందే అసలు వెడల్పు. నేను కొలుస్తుండగానే చంటిబిడ్డను ఎత్తుకున్న ఒక తల్లి దారిలేక రోడ్డు మీదికి దిగింది. వెనకే సిటీబస్సు. కొంగు బస్సుకు తగిలేంత దగ్గర. ఇప్పటికీ తలుచుకుంటే గుండె ఝల్లుమంటుంది.

• ఫుట్‌పాత్ గట్టు 15 సెంటీమీటర్లు దాటకూడదు. దిగేచోట ర్యాంపు తప్పనిసరి.

• స్టేషన్ నుంచి బస్టాపుకు ఎన్ని అడుగులో, నీడ ఎంతుందో రాసుకోండి.

• అంతస్తులు పెంచేముందు మంచినీళ్లు, డ్రైనేజీ, నాలా తట్టుకుంటాయా చూడండి. చెరువు ఎఫ్‌టీఎల్ హద్దు (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే గీత) ముట్టుకోవద్దు.

• తోపుడుబండ్లను అడ్డంకిగా లెక్కేయకండి. వీధి వ్యాపారుల సర్వే పూర్తికాకుండా వాళ్లను ఖాళీ చేయించడాన్ని 2014 వీధి వ్యాపారుల చట్టం ఒప్పుకోదు. పైగా రాత్రి పదింటికి ఆ ఇడ్లీబండి లైటు వెలుగుతుంటేనే ఆడపిల్లలు ధైర్యంగా నడుస్తారు.

• అద్దెకుండేవాళ్లనూ మీటింగుకు పిలవండి, ఓనర్లనే కాదు.