నవోదయ ఆరో తరగతి సీటు ఎలా వస్తుంది? మూడో తరగతిలోనే మొదలయ్యే లెక్క

నవోదయ అంటే కేంద్ర ప్రభుత్వం నడిపే వసతి బడి, ఐదో తరగతి పిల్లలు పరీక్ష రాసి అందులో ఆరో తరగతిలో చేరతారు. ఆ పరీక్ష ఫలితాలు వచ్చిన వారం రోజులూ నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ బడి ముందు నిలబడినా ఒకటే మాట. "మా వాడు క్లాసులో ఫస్టు. వాడికి రాలేదు, వెనక బెంచీ పిల్లకు వచ్చింది." ఆ మాటలో కోపం ఉంటుంది, అనుమానం ఉంటుంది, ఎవరో ఎవరికో డబ్బులిచ్చారన్న గుసగుస కూడా ఒక్కోసారి ఉంటుంది. నేను దగ్గరగా చూసిన సందర్భాల్లో మాత్రం కారణం చాలా చిన్నది. దరఖాస్తులో ఒక గడి తప్పు నింపి ఉంటారు, లేకపోతే రెండేళ్ల కిందట పిల్లవాడిని పట్నం బడికి మార్చి ఉంటారు. సీట్లు ఏ పద్ధతిలో పంచుతారో ముందే తెలిస్తే ఈ రెండూ తప్పించుకోవచ్చు. పరీక్షకు ఎలా చదివించాలో చెప్పేవాళ్లు ఊరికి పదిమంది ఉన్నారు కాబట్టి ఆ సంగతి ఇక్కడ తక్కువే ఉంటుంది.

నెల్లూరు జిల్లా నవోదయ మర్రిపాడు మండలం కృష్ణాపురంలో ఉంది. మార్కాపురం వైపు వాళ్లకు తెలిసినది తర్లుపాడు మండలం కలుజువ్వలపాడులోది. ఒక్కో నవోదయలో ఆరో తరగతికి గరిష్ఠంగా 80 సీట్లు. ఎంపిక పరీక్ష దేశమంతటా ఒకే పద్ధతిలో జరుగుతుంది. కానీ పోటీ మాత్రం జిల్లా లోపలే. మీ అమ్మాయి పోటీ పడేది గుంటూరు పిల్లలతోనో హైదరాబాదు పిల్లలతోనో కాదు.

మొదటి పని: మీది ఏ జిల్లా లెక్కలోకి వస్తుందో తేల్చుకోండి

కాపురం ఉన్న జిల్లా, పిల్లవాడు ఐదో తరగతి చదువుతున్న జిల్లా ఒకటే అయి ఉండాలి. సరిహద్దు పల్లెల వాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. మర్రిపాడు మండలంలో ఇల్లు పెట్టుకుని, దగ్గరని పిల్లవాడిని కడప జిల్లా బద్వేలు బడికి పంపేవాళ్లున్నారు. నవోదయ వాళ్ల మండలంలోనే ఉన్నా ఆ పిల్లవాడు దానికి పోటీ పడలేడు.

దీనికి తోడు 2022 ఏప్రిల్ 4న జిల్లాల గీతలు మారాయి. గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి అప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి. చీరాల, అద్దంకి బాపట్లకు పోయాయి. కందుకూరు నెల్లూరుకు వచ్చింది. ఇలాంటి చోట్ల నవోదయ నియమం ఒకటి గుర్తుంచుకోవాలి: కొత్తగా విడిపోయిన జిల్లాలో ఇంకా నవోదయ తెరవకపోతే, పాత జిల్లా హద్దులనే లెక్కలోకి తీసుకుంటారు. గీత ఎప్పుడు కదిలినా ఇదే సూత్రం. అయినా సందేహం మిగిలితే ఆ ఏటి ప్రాస్పెక్టస్ చదివి, నవోదయ ప్రిన్సిపాల్ కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. నెట్ సెంటరు కుర్రవాడిని అడగవద్దు. అతను ఫారం వేగంగా నింపగలడు, అంతే.

వయసు నిబంధన కూడా ఇప్పుడే చూసుకోండి. 2025-26 ప్రవేశాలకు 2013 మే 1 నుంచి 2015 జూలై 31 మధ్య పుట్టినవాళ్లకే అవకాశం ఇచ్చారు. ఈ తేదీలు ఏటా ఒక్కో సంవత్సరం ముందుకు జరుగుతాయి. ఒకసారి పరీక్ష రాసినవాళ్లు రెండోసారి రాయకూడదు. ఐదో తరగతి మళ్లీ చదివించి రాయిద్దామనుకునేవాళ్లు ఆ ఆలోచన మానుకోవడం మంచిది.

పల్లె పిల్లా, పట్నం పిల్లా?

అసలు కథంతా ఇక్కడే ఉంది. 80 సీట్లలో కనీసం 75 శాతం, అంటే 60, గ్రామీణ ప్రాంత విద్యార్థులకు కేటాయించాలి. మిగిలిన 20 పట్నం పిల్లల కోటా అనుకుంటారు చాలామంది. కాదు, అవి అందరికీ. వాటికి పల్లె పిల్లలూ పోటీ పడతారు. పట్నం విద్యార్థిగా నమోదైన పిల్లవాడికి ఉన్న దారి ఆ 20 సీట్లే, అందులోనూ పల్లె పిల్లలను దాటుకుని పోవాలి.

మరి ఎవరు పల్లె పిల్ల? ఇల్లు పల్లెలో ఉంటే చాలదు. మూడు, నాలుగు, ఐదు తరగతులు మూడూ గ్రామీణ ప్రాంతంలోని ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన బడిలో, ప్రతి ఏడూ పూర్తి విద్యాసంవత్సరం చదివి ఉండాలి. ఈ మూడేళ్లలో ఒక్క రోజు పట్నం బడిలో చదివినా ఆ విద్యార్థి పట్నం లెక్కలోకి పోతాడు. ఒక్క రోజు అనే మాట నా అతిశయోక్తి కాదు, నిబంధనలో ఉన్నదే.

ఉదయగిరి, కలిగిరి వైపు నుంచి పిల్లల చదువు కోసమని నెల్లూరుకు కాపురం మార్చే కుటుంబాలు ఎన్నో. మూడో తరగతిలో నెల్లూరు బడిలో చేర్చి, బాడుగలు భరించలేక నాలుగో తరగతికి మళ్లీ ఊరికి తెచ్చుకున్న ఒక తండ్రి నాకు తెలుసు. ఐదో తరగతిలో వాడి చేత పల్లె గడిలో టిక్కు పెట్టించబోతుంటే ఆపవలసి వచ్చింది. మనసుకు కష్టమే. కానీ అప్పుడు అబద్ధం రాస్తే ప్రవేశం సమయంలో స్టడీ సర్టిఫికెట్లు చూసి సీటు తీసేస్తారు, అది ఇంకా కష్టం.

ఇంకో చిక్కు ఉంది. నోటిమాటకు ఊరు అనుకునేవి కాగితం మీద పట్నాలు కావచ్చు. 2011 జనాభా లెక్కల్లోగానీ, తర్వాతి ప్రభుత్వ నోటిఫికేషన్‌తోగానీ పట్టణంగా గుర్తించినవన్నీ పట్టణాలే. బుచ్చిరెడ్డిపాళెం, దర్శి ఇప్పుడు నగర పంచాయతీలు. అక్కడి బజారులో నిలబడితే పట్నంలా అనిపించకపోవచ్చు, బడి ఆ పరిధిలో ఉంటే పిల్లవాడు పట్నం పిల్లవాడే. అందుకే బడి పేరు, పంచాయతీ పేరు హెడ్‌మాస్టరును అడిగి ఖాయం చేసుకోండి. ఇంట్లో ఇప్పుడు రెండో తరగతి చదివే పిల్ల ఉంటే, వచ్చే ఏడాది బడి మార్చే ముందు ఈ పేరా ఇంకోసారి చదవండి.

రిజర్వేషన్లు ఎలా పేరుస్తారు

ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు జిల్లా జనాభాలో వాళ్ల నిష్పత్తిని బట్టి సీట్లు కేటాయిస్తారు. అయితే ఏ జిల్లాలోనూ ఎస్సీలకు 15 శాతానికీ, ఎస్టీలకు 7.5 శాతానికీ తగ్గకూడదు. రెండూ కలిపి 50 శాతం దాటకూడదు. 2011 లెక్కల ప్రకారం పాత హద్దుల్లో నెల్లూరు, ప్రకాశం రెండింటిలోనూ ఎస్సీలు 22 శాతం పైనే. ఎస్టీల దగ్గరే తేడా వస్తుంది. యానాదులనే ఎస్టీ తెగవాళ్లు ఎక్కువగా ఉన్న నెల్లూరులో ఎస్టీలు 9 శాతం పైన. ప్రకాశంలో 4 శాతం పైచిలుకు మాత్రమే, కాబట్టి అక్కడ 7.5 శాతం కనీస హామీ పనికొస్తుంది. ఓబీసీలకు 27 శాతం. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థి ఓపెన్ మెరిట్‌లోనే నెగ్గితే ఆ సీటు రిజర్వేషన్ ఖాతాలో పడదు. మొత్తం సీట్లలో కనీసం మూడో వంతు అమ్మాయిలకు దక్కాలి, అంటే 80లో 27. దివ్యాంగులకు కేంద్ర నిబంధనల ప్రకారం విడిగా కేటాయింపు ఉంటుంది.

ఇవి పక్కపక్కన పెట్టిన వేర్వేరు డబ్బాలు కావు, ఒకదానిలోంచి ఒకటి పోయే గీతలు. పల్లెబడిలో చదివిన యానాది అమ్మాయి ఒక్క సీటుతోనే గ్రామీణ, ఎస్టీ, బాలికల లెక్కలు మూడింటినీ నింపుతుంది. వెనక బెంచీ పిల్లకు సీటు వచ్చిందని ముక్కు విరిచే ముందు ఆమె ఏ గీతలో నిలబడి, ఎవరితో పోటీ పడి గెలిచిందో చూడాలి. ఆ గీతలో ఆమెదే పైచేయి అయి ఉంటుంది.

ఓబీసీ విషయంలో మాత్రం జాగ్రత్త. రాష్ట్ర బీసీ జాబితాలో ఉన్నంత మాత్రాన సరిపోదు, నవోదయకు కేంద్ర జాబితాయే ప్రమాణం. అందులో లేని కులాలవాళ్లు జనరల్‌గా దరఖాస్తు చేసుకోవాలి. ఉన్నవాళ్లకు కేంద్ర నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ కావాలి. మన దగ్గర బీసీ-ఏ, బీసీ-డి అని ఉండే మామూలు కుల ధ్రువీకరణ పత్రం చూపించి ఇదే చాలనుకుంటే ప్రవేశం రోజు ఇబ్బంది పడతారు. సచివాలయంలో దరఖాస్తు పెట్టేటప్పుడే ఏ నమూనా కావాలో చెప్పండి. యానాది కుటుంబాల్లో చాలామంది పిల్లలకు పుట్టిన తేదీ పత్రమే ఉండదు. వాళ్ల విషయంలో పని ఐదో తరగతి మొదలైన నెలలోనే మొదలుపెట్టాలి. ఇది తల్లిదండ్రుల కంటే ఊరి ఉపాధ్యాయులు పట్టించుకోవలసిన సంగతి.

ఫారం నింపడం

నవోదయ విద్యాలయ సమితి వెబ్‌సైటులో సాధారణంగా వేసవి సెలవుల తర్వాత దరఖాస్తులు మొదలవుతాయి. రుసుము లేదు. అడిగేది నెట్ సెంటరు వాళ్ల కూలి మాత్రమే. హెడ్‌మాస్టరు సంతకం చేసిన ధ్రువపత్రం, పిల్లవాడి ఫొటో, పిల్లవాడి సంతకం, తల్లి లేదా తండ్రి సంతకం జేపీజీ ఫైళ్లుగా పెట్టాలి. ఆధార్ కూడా దగ్గర ఉంచుకోండి. ముందు ధ్రువపత్రం చేతికొచ్చాకే ఫారం తెరవండి. పుట్టిన తేదీ, ఇంటిపేరు అక్షరాలు బడి రికార్డులో ఒకలా, ఆధార్‌లో మరోలా ఉంటే ఇప్పుడే దిద్దించండి.

గడువు ముగిశాక రెండు రోజులపాటు సవరణకు అవకాశం ఇస్తారు. అప్పుడు మార్చనిచ్చేవి ఐదే: అబ్బాయా అమ్మాయా, కేటగిరీ, పల్లె లేదా పట్నం, వైకల్యం, పరీక్ష మాధ్యమం. చివరిది పక్కన పెడితే మిగిలిన నాలుగూ సీటు ఏ గీతలో పడాలో నిర్ణయించేవే. సమితి వాళ్లకు కూడా తప్పులు ఎక్కడ జరుగుతాయో తెలుసన్నమాట. ఆ రెండు రోజుల్లో ప్రింటు తీసుకున్న ఫారం ముందు పెట్టుకుని ఒక్కో గడీ వేలితో చూసుకోండి.

పరీక్ష

రెండు గంటలు, 80 ప్రశ్నలు, 100 మార్కులు. బొమ్మలతో ఉండే మేధాశక్తి భాగంలో 40 ప్రశ్నలకు 50 మార్కులు. లెక్కలు 20, భాష 20, ఒక్కోదానికి 25 మార్కులు. తప్పు జవాబుకు మార్కులు కోయరు, కాబట్టి ఏదీ వదలకూడదు. తెలుగులో రాయవచ్చు. ఓఎంఆర్ షీటు నింపేది బాల్‌పెన్నుతోనే, పెన్సిల్ పనికిరాదు. పదేళ్ల పిల్లలకు పెన్నుతో గుండ్రాలు నింపే అలవాటు ఉండదు. తెల్లకాగితం మీద గుండ్రాలు గీసి ఒక వారం సాధన చేయించండి, కోచింగుకు పోసే డబ్బుకంటే ఇది మేలు.

పేరు వచ్చాక, రాకపోయినా

జాబితాలో పేరు రావడం తాత్కాలిక ఎంపిక మాత్రమే. ఎంపికైనవాళ్లకు ప్రిన్సిపాల్ నుంచి స్పీడ్ పోస్టు, ఎస్సెమ్మెస్ వస్తాయి. పుట్టిన తేదీ, నివాసం, కేటగిరీ, మూడేళ్ల గ్రామీణ చదువు, వీటన్నిటి పత్రాలు చూసి సరిపోతేనే ప్రవేశం. తిండి, వసతి, బట్టలు, పుస్తకాలు ఉచితం. తొమ్మిదో తరగతి నుంచి నెలకు 600 రూపాయలు వికాస నిధి కింద కట్టాలి. అమ్మాయిలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు, పేదరికపు రేఖకు దిగువనున్నవాళ్లకు అది కూడా లేదు. తొమ్మిదో తరగతిలో కొంతమందిని ఒక ఏడాది హిందీ ప్రాంతపు నవోదయకు పంపుతారు. ఈ మాట ఇంట్లో నాయనమ్మకు ఇప్పుడే చెప్పి ఉంచండి.

పిల్లవాడికి సీటు రాకపోతే ఆరో తరగతికే ఏపీ మోడల్ స్కూళ్లున్నాయి, చదువు మధ్యలో ఆగిన ఆడపిల్లలకు, తల్లిదండ్రులు లేని ఆడపిల్లలకు కస్తూర్బా బాలికా విద్యాలయాలున్నాయి. అంబేద్కర్ గురుకులాల ప్రవేశం ఐదో తరగతిలోనే కాబట్టి వాటి గురించి ఏడాది ముందే ఆలోచించాలి. ఎంపికైనవాళ్లలో కొందరు చేరరు, కొందరి పత్రాలు సరిపోవు. ఆ ఖాళీలు వెయిటింగ్ లిస్టులోని వాళ్లకు వెళ్తాయి. ఒక్కోసారి ఇది బడులు తెరిచాక కూడా జరుగుతుంది. అందుకని ఫారంలో ఇచ్చిన ఫోను నంబరును అప్పటిదాకా మార్చకండి.