ఎదురెదురు బళ్లలో ఏది తప్పుకోవాలి? పాత అమెరికా టైంటేబుల్ చదివే పద్ధతి

నేను సింగిల్ లైను (రాకపోకలు రెండూ ఒకే పట్టాల మీద) మీద స్టేషన్ మాస్టరుగా చేసినవాణ్ణి. మా దగ్గర ఆ లైన్లోకి పోవడానికి అనుమతి గుర్తైన టోకెన్ చేతికందందే డ్రైవరు బండి కదిపేవాడు కాదు. అందుకే పాత అమెరికా రైలు సిబ్బంది టైంటేబుల్ మొదటిసారి చూసినప్పుడు గుండె ఝల్లుమంది. చాలా సింగిల్ లైన్లలో టోకెనూ లేదు, ముందు లైను ఖాళీగా ఉందో లేదో చెప్పే బ్లాకు సిగ్నలూ లేదు. చేతిలో ఆ పుస్తకం, జేబులో గడియారం, అంతే. ఎదురుపడే రెండు బళ్లలో పక్కకు తప్పుకునే లూపు లైన్లోకి ఏది పోవాలో సిబ్బందే తేల్చుకోవాలి.

మీకు అలాంటి టైంటేబుల్ దొరికితే మూడు సంగతులు ఇదే వరసలో చూడండి.

ముందు, ట్రైన్ ఆర్డరు ఉందా? అంటే బళ్ల రాకపోకలు చూసే డిస్పాచర్ ఇచ్చే ఆదేశం. అతను ఒక బండికి ఇంకోదాని మీద హక్కు ఇచ్చాడంటే క్లాసు, దిక్కు రెండూ పక్కకుపోతాయి. ఇలాగే 1851లో ఈరీ రైల్‌రోడ్ సూపరింటెండెంట్ చార్లెస్ మైనట్ టెలిగ్రాఫ్‌తో ఎదుటి బండిని ఆపించి, తన బండిని ముందుకు పోనిమ్మన్నాడు. డ్రైవరు ససేమిరా అన్నాడు. మైనటే ఇంజనెక్కి నడిపాడు, డ్రైవరేమో వెనక చివరి సీట్లో కూర్చున్నాడట. ఆ డ్రైవరును నేను తప్పుపట్టలేను. కంటికి కనిపించని తీగ మాట నమ్మి ఎదురు లైన్లోకి పోవడమంటే మాటలా!

ఆర్డరు లేకపోతే క్లాసు చూడండి. ఇది టికెట్టు క్లాసు కాదు, టైంటేబుల్ గడుల పైన బళ్లకు రాసిన ఫస్ట్, సెకండ్, థర్డ్. టైంటేబుల్లో లేని బండి ఎక్స్‌ట్రా. దానికి క్లాసే లేదు, టైంటేబుల్ బళ్లన్నిటికీ దారివ్వాలి. ఇంజను ముందు రెండు తెల్ల జెండాలు, రాత్రయితే తెల్ల దీపాలు దాని గుర్తు. ఆకుపచ్చవి కనిపిస్తే మాత్రం జాగ్రత్త: అదే నంబరు మీద వెనకాల ఇంకో బండి వస్తోంది. ముందుది పోయింది కదా అని లూపు నుంచి బయటికొస్తే నేరుగా దానికే ఎదురుపోతారు.

క్లాసు కూడా ఒకటే అయితే దిక్కు. ఏ దిక్కుది పైచేయో టైంటేబుల్లోనే అచ్చువేసి ఉంటుంది.

ఒక లెక్క వేద్దాం. 1వ నంబరు పడమటికి, 2వ నంబరు తూర్పుకి, రెండూ ఫస్ట్ క్లాసు, తూర్పుది పైచేయి. 1 లూపులోకి పోతుంది. 2 ఆలస్యమైతే? ఆర్డరు రాకపోతే 1 అక్కడే ఉండాలి. 12 గంటలకు మించి ఆలస్యమైతేగాని 2 హక్కు పోదు. ఆ దారిలో ఎక్స్‌ట్రా గూడ్సు ఉంటే అది రెండిటికీ కనీసం 5 నిమిషాల ముందే పక్కకు తప్పుకొని ఉండాలి.

ఇదంతా గడియారం సరిగ్గా ఉంటేనే. 1891 ఏప్రిల్ 18న ఒహాయోలోని కిప్టన్ దగ్గర మెయిలుకు దారివ్వాల్సిన బండి సకాలంలో తప్పుకోలేదు, రెండూ ఢీకొన్నాయి. డ్రైవరు గడియారం నాలుగు నిమిషాలు ఆగి మళ్లీ నడిచిందని చెబుతారు. అందుకే బయల్దేరేముందు స్టేషన్ గడియారంతో మీది సరిచూసుకోండి. తర్వాతి స్టేషను చేరేసరికి ఆ 5 నిమిషాలు మిగలవనిపిస్తే ఎక్స్‌ట్రాను ఉన్నచోటే ఆపేయండి.