చూపు పోకుండా కాపాడుకోవడం: ఏ కంటి జబ్బుకు ఎంత తొందర

మన దేశంలో అంధత్వం చాలావరకు నివారించదగినదో, చికిత్సతో చూపు తిరిగి తెప్పించదగినదో అయి ఉంటుంది. 2015-19 జాతీయ సర్వే ప్రకారం, 50 ఏళ్లు పైబడినవారి అంధత్వంలో దాదాపు మూడింట రెండు వంతులకు కారణం శుక్లాలే. వాల్తేరులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రి, హనుమంతవాక వద్ద ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్న విశాఖపట్నంలో వైద్యం దొరకక చూపు పోగొట్టుకునేవారికన్నా, ఏ లక్షణానికి ఎంత తొందరపడాలో తెలియక పోగొట్టుకునేవారే ఎక్కువని నా అభిప్రాయం.

ముందుగా ఇంట్లో ఒక పరీక్ష చేయండి. పెద్దవాళ్లనూ, బడికి వెళ్లే పిల్లలనూ గోడ క్యాలెండర్‌కు పది అడుగుల దూరంలో నిలబెట్టి, ఒక కంటిని అరచేతితో మూయించి తేదీలు చదివించాలి. తర్వాత రెండో కంటితో చదివించాలి. వేళ్లతో మూస్తే సందుల్లోంచి చూసేస్తారు, పిల్లలైతే మరీను. కళ్లద్దాలున్నవారు వాటితోనే చదవాలి. రెండు కళ్లూ తెరిచి ఉన్నంతసేపు బాగున్న కన్ను పాడైన కంటి లోటును కప్పిపుచ్చుతుంది కనుక, ఒక కన్ను నెలల తరబడి మసకబారినా ఎవరికీ తెలియదు. రెండు కళ్ల మధ్య తేడా కనిపిస్తే కంటి వైద్యుడికి చూపించాలి.

శుక్లాల విషయంలో కొన్ని వారాలు ఆగినా సాధారణంగా ప్రమాదం లేదు, కానీ ఏళ్లు ఆగకూడదు. ముదిరాకే ఆపరేషన్ చేయించాలన్నది పాతకాలపు మాట. ఇప్పుడు చిన్న కోతతో శుక్లాన్ని తీసి కృత్రిమ కటకం అమరుస్తారు. బాగా ముదిరిన శుక్లాన్ని తీయడమే కష్టం, పైగా అది ఉబ్బి కంటిలో ఒత్తిడి పెంచే ప్రమాదమూ ఉంది. వేసవిలో చేయించకూడదన్నదీ అపోహే. చుక్కల మందుతో శుక్లం కరగదు.

గంటల్లో కదలవలసిన సందర్భాలు వేరు. కోతల వేళ భీమిలి, పద్మనాభం వైపు పొలాల్లో వరి ఆకు గీసుకున్నా, ఆటోనగర్ షెడ్డులో ఇనుప రజను పడినా నల్లగుడ్డు మీద గాయమై, అందులో ఫంగస్ చేరి పుండు కావచ్చు. కన్ను ఎర్రబడి, నొప్పి పెడుతూ, వెలుతురు చూడలేకపోతే, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ కనిపిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. చనుబాలు, ఆముదం, ఆకుపసరు ఏదీ వేయకూడదు. గుడ్డ కొసతోనో అగ్గిపుల్లతోనో నలుసు తీయబోకూడదు. అంతకన్నా ప్రమాదం, మందుల షాపులో అడిగి తెచ్చుకునే చుక్కలు: వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గి నయమైనట్టే అనిపిస్తుంది, లోపల పుండు మాత్రం పెరుగుతుంది. అది మానాక మిగిలే పువ్వు నల్లగుడ్డు మధ్యలో పడితే, కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) మార్పిడి తప్ప వేరే దారి లేకపోవచ్చు. సున్నం గానీ యాసిడ్ గానీ పడితే మాత్రం ఆసుపత్రికి బయలుదేరే ముందే, రెప్పలు విడదీసి పట్టుకుని, కనీసం పావుగంటసేపు మంచినీళ్లతో ధారగా కడగాలి.

పిల్లలకు తొమ్మిదో నెలలో మొదలుపెట్టి, అయిదేళ్లు నిండేదాకా ఇచ్చే విటమిన్ ఎ మోతాదులు ఒక్కటీ తప్పించకూడదు. నెలలు నిండక, తక్కువ బరువుతో పుట్టిన బిడ్డకు మొదటి నెలలోపే రెటీనా (కంటి లోపల వెనకవైపు ఉండే, వెలుతురును పట్టే పొర) పరీక్ష చేయించాలి.

ఇక చెప్పకుండా వచ్చేవి రెండు: షుగర్ వల్ల రెటీనా దెబ్బతినడం, నీటికాసులు (గ్లాకోమా). షుగర్ ఉన్నవారు చూపు బాగానే ఉన్నా ఏడాదికోసారి కంటిపాపలను పెద్దవి చేసే చుక్కలు వేయించుకుని రెటీనా పరీక్ష చేయించుకోవాలి. చూపు తగ్గాక వెళితే అప్పటికే ఆలస్యమై ఉండవచ్చు. నీటికాసులు చాలామందిలో నొప్పి లేకుండా పక్కచూపును మెల్లగా తినేస్తాయి, పోయిన చూపు తిరిగి రాదు. తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఉంటే నలభై దాటగానే కంటి ఒత్తిడితోపాటు కంటి నరాన్నీ చూపించుకోవాలి. చుక్కలు రాసిస్తే, బాగానే ఉందని మానేయకూడదు. వేసేటప్పుడు కింది రెప్పను లాగి, సీసా మొన కంటికి తగలకుండా ఒక్క చుక్క చాలు. తర్వాత కన్ను మూసి, ముక్కు పక్కనున్న కంటి మూలను రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు గొంతులోకి జారిపోదు. రెండో రకం చుక్కలుంటే అయిదు నిమిషాలు ఆగి వేయాలి.