లివర్ క్యాన్సర్ వెన్నెముకకి పాకితే నొప్పికి పెట్టే రేడియేషన్, ఇంట్లోవాళ్లు చూసుకోవాల్సినవి

నాన్నకి లివర్ క్యాన్సర్ నడుము పూసల్లోకి పాకిందని తెలిశాక డాక్టర్ గారు ఒక్క సిట్టింగ్ రేడియేషన్ చాలన్నారు, నాకు గుండె జారిపోయింది, ఒకటేనా, అంటే ఇక చేసేదేం లేదనా అని. అలా కాదండీ. ఈ కరెంటు పెట్టేది జబ్బు నయం చేయడానికి కాదు, నొప్పి తగ్గి మనిషి కాసేపు కూర్చోడానికి, రాత్రి నిద్రపోడానికి. ఎముక నొప్పికి ఒకేసారి 8 గ్రే (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) ఇచ్చినా, 5 సార్లుగా 20 ఇచ్చినా, 10 సార్లుగా 30 ఇచ్చినా ఉపశమనం దాదాపు ఒకటే, కాకపోతే ఒక్కసారి పెట్టించుకున్నవాళ్లకి తర్వాత మళ్లీ పెట్టాల్సి రావడం ఎక్కువ. లివర్ దెబ్బతిని నీరసపడ్డ మనిషిని పదిసార్లు తిప్పడం ఎంత కష్టమో చూశాక నాకైతే ఒక్కటే నయమనిపించింది. పూస విరిగేలా ఉన్నా, వెన్నుపాము నొక్కుకుపోతున్నా మాత్రం లెక్క వేరు, అప్పుడు ఆపరేషన్ గురించి కూడా గట్టిగా అడగండి.

ముందు కిరణాలు ఎక్కడ పెట్టాలో చూసుకోడానికి ప్లానింగ్ సీటీ స్కాన్ తీసి ఒంటి మీద గుర్తులు పెడతారు, అవి రుద్ది చెరిపేయొద్దు. కిరణాలు తగిలేటప్పుడు నొప్పేం ఉండదు, అసలు బాధంతా ఆ గట్టి బల్ల మీద కదలకుండా వెల్లకిలా పడుకోవడమే. ప్లానింగ్ రోజు నేను నొప్పి మందు టైమ్‌కి వేయడం మర్చిపోయాను, బల్ల అంచు పట్టుకున్న నాన్న వేళ్లు తెల్లగా పాలిపోయాయి, అది నేను మర్చిపోలేను. అందుకే డాక్టర్‌ని అడిగి, త్వరగా పనిచేసే మందు ఒక డోసు అరగంట, ముప్పావుగంట ముందే వేయండి. పొట్టలో నీరు చేరి వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తుంటే అది కూడా ముందురోజే చెప్పండి.

నొప్పి మాత్రల దగ్గర లివర్ పేషెంట్లకి చాలా జాగ్రత్త కావాలి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి సొంతంగా వేయొద్దు, కిడ్నీలు దెబ్బతింటాయి, రక్తస్రావం అవుతుంది. పారాసిటమాల్ రోజుకి 2 గ్రాములు దాటనివ్వరు మామూలుగా. మార్ఫిన్ లాంటివి తక్కువ డోసుతో మొదలుపెట్టి ఎక్కువ గ్యాప్‌తో ఇస్తారు, వాటితో మలబద్ధకం వస్తుంది, లివర్ పాడైనవాళ్లకి అదే మెదడు మీదకి వస్తుంది, కాబట్టి లాక్టులోజ్ (విరేచనం సాఫీగా అయ్యే సిరప్) మానొద్దు, రోజుకి రెండు మూడు విరేచనాలు అవుతున్నాయో లేదో చూడండి. పగలంతా మత్తు, మాట తడబాటు, చేతులు వణకడం కనిపిస్తే అది మందు మత్తేలే అని ఊరుకోకుండా వెంటనే ఫోన్ చేయండి.

పెట్టించాక మొదటి కొన్ని రోజులు కొందరికి నొప్పి ఇంకా పెరుగుతుంది, నాన్నకి రెండో రాత్రి అలాగే అయింది, రేడియేషన్ పనిచేయలేదని భయపడ్డాం, కానీ అది తెలిసిన విషయమే, డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వొచ్చేమో అడగండి. షుగర్ ఉంటే దాంతో పెరుగుతుంది, హెపటైటిస్ బి ఉంటే ఆ వైరస్‌కి వాడే మాత్ర అస్సలు ఆపొద్దు. ఉపశమనం రావడానికి వారం నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు, అది కూడా పదిమందిలో ఆరుగురికి అటూఇటుగా వస్తుంది, అందరికీ కాదు. నడుము పైభాగానికి పెడితే పొట్ట కూడా దారిలో ఉంటుంది, వాంతుల మాత్ర ముందే అడిగి పెట్టుకోండి. నీరసం ఉంటుంది. ఆయన ఒంట్లో రేడియేషనేం మిగలదు, పిల్లల్ని ఒళ్లో కూర్చోబెట్టుకోవచ్చు. నాలుగు వారాలైనా తగ్గకపోతే రెండోసారి పెట్టొచ్చా అని అడగండి, చాలామందికి కుదురుతుంది.

పక్క మార్చేటప్పుడు నడుము మెలితిరగకుండా భుజాలు, తుంటి ఒకేసారి దొర్లించాలి, కింద దుప్పటి వేసి ఇద్దరు పట్టుకుంటే తేలిక. రోజూ పొద్దున్నే పాదాలు పైకి ఎత్తమనండి, వేళ్లు ముట్టుకుంటే తెలుస్తుందా అని అడగండి. కాళ్లు బలం తగ్గినా, తిమ్మిరి పైకి పాకుతున్నా, మూత్రం ఆగిపోయినా, తెలియకుండా పోతున్నా అర్ధరాత్రైనా సరే ఎమర్జెన్సీకి తీసుకెళ్లి, క్యాన్సర్ వెన్నెముకలో ఉందని ముందే చెప్పి ఎంఆర్‌ఐ అడగండి, నడవగలిగే స్థితిలో ఉండగా ట్రీట్‌మెంట్ మొదలైతేనే నడక మిగిలే అవకాశం ఎక్కువ, పూర్తిగా పడిపోయాక తిరిగి రావడం చాలా కష్టం.