ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు మసాజ్ పని: బెజవాడలో పాటించాల్సినవి

సాయంత్రం ఆరు దాటాక రోజుకి ఇద్దరు చాలు. మూడో మనిషిని ఒప్పుకుంటే చేతిలో పట్టుండదు, కొన్నాళ్లకి బొటనవేళ్లు నొప్పి పుడతాయి. అందుకే బొటనవేలితో నొక్కడం తగ్గించి ముంజేయి వాడండి. బలం ఒంటి బరువులోంచి రావాలి. మసాజ్ బల్ల పక్కన నిలబడి చేతులు వదిలేస్తే పిడికిలి బల్లకి తగలాలి, అదీ బల్లకి సరైన ఎత్తు.

ఒకరోజు పటమట వైపు ఒప్పుకుంటే భవానీపురం మర్నాటికి పెట్టుకోండి. ఒకటి ఊరికి ఈ చివర, ఇంకోటి ఆ చివర, ఆ ట్రాఫిక్‌లో రెండూ కుదరవు.

ఒంటికంతా 40–50 మి.లీ. నువ్వుల నూనె సరిపోతుంది. గిన్నెని వేడినీళ్లలో పెట్టి గోరువెచ్చగా చేయాలి, నేరుగా పొయ్యి మీద వద్దు. మణికట్టు మీద చుక్క వేసుకుని చూశాకే వాడాలి. మే నెలలో ఈ వేడిచేసే తతంగం అక్కర్లేదు గానీ, ముందు ఫ్యాన్ కింద చెమట ఆరనివ్వాలి. చెమట మీద నూనె జారిపోతుంది. దుప్పట్లు ఆ రాత్రే వేడినీళ్లు, సర్ఫుతో ఉతకాలి, లేదంటే నూనె కంపు వదలదు.

ఫోన్‌లోనే అడగాల్సినవి: జ్వరం, బీపీ, గర్భం, ఈమధ్య ఆపరేషన్, రక్తం పలచబడే మందులు. ఒక్క పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే అసలు ముట్టుకోవద్దు. లోపల రక్తం గడ్డకట్టి ఉంటే అది కదిలి ఊపిరితిత్తులకి చేరొచ్చు. అదేరోజు డాక్టర్ దగ్గరికి పంపండి.

రేటు ముందే చెప్పండి. కొత్త ఇంటికి వెళ్తుంటే అడ్రసు, తిరిగొచ్చే టైము ఇంట్లోవాళ్లకి ఇవ్వాలి. ‘ఇంకేమైనా చేస్తారా’ అని నసిగేవాళ్లకి ‘కుదరదండీ’ అని ఫోన్ పెట్టేయడమే.